చింతల దారి

పలమనేరు నుంచి కుప్పం పోయే రోడ్డు దిగి లోపలికి తిరిగితే మా ఊరు. ఆ మట్టిదారికి రెండు పక్కలా చింతచెట్లు ఉండేవి. ఎవరు నాటారో మా తాతకే తెలియదు. పైన కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా దారి చల్లగా ఉండేది. చేలకేమో జెముడు కంచెలు. వాటిలో అల్లుకున్న కలేకాయ పొదలు, మధ్య మధ్య తుమ్మలు, రేగులు. ఆ కంచెలు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు సాగుతూ అడవి అంచును తాకేవి. 1990లో ఆ అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. మా చిన్నప్పుడు మాకది వట్టి అడివే.

అంటే నేల మీద కాలు పెట్టకుండా అడవి నుంచి మా ఊరి నడిబొడ్డు దాకా రావచ్చు. దేవాంగ పిల్లి అట్లాగే వచ్చేది.

దాన్ని నేను మొదట చూసింది శెనక్కాయ చేను కాపలాలో. కాయ ఊరే రోజుల్లో పందులు పడతాయని తాత రాత్రిళ్లు మంచె మీద పడుకునేవాడు. బడి లేని రోజుల్లో నేనూ పోయేవాణ్ణి. ఒక రాత్రి ఆయన బ్యాటరీ లైటు తుమ్మచెట్టు మీదికి తిప్పితే రెండు కళ్లు ఎర్రగా వెలిగాయి. మొహమంతా కళ్లే. "కదలగాకు నాయనా, అది మనల్నే సూస్తా ఉండాది" అన్నాడు. తోక లేదు. ఒళ్లు జానెడుంటే గొప్ప, కాళ్లూ చేతులూ మాత్రం పుల్లల్లా పొడుగ్గా ఉన్నాయి. వెనక కాళ్లతో ఒక రెమ్మను పట్టుకుని, ముందుకు సాగి సాగి, ఇంకో రెమ్మ చేతికందాక గానీ వెనకదాన్ని వదల్లేదు. ఆకు కూడా అల్లాడలేదు. అంతలో చెయ్యి చటుక్కున కదిలింది, ఏదో పురుగు నోట్లోకి పోయింది.

దాని గురించి చదవడం చాలా ఏళ్ల తర్వాత మొదలుపెట్టాను. పావుకిలోకు అటూ ఇటూ తూగే ఈ ప్రాణి కోతులకూ మనకూ దూరపు చుట్టం, మడగాస్కర్ లెమూర్లకు దగ్గరి చుట్టం. కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటుంటుంది. ఆ రాత్రి మెరిసింది అదే. మణికట్లలో, చీలమండల్లో రక్తనాళాలు సన్నని పాయలుగా చీలి ఉంటాయి, అందుకే ఎంతసేపు కొమ్మను బిగించి పట్టుకున్నా పట్టు సడలదంటారు. తమిళనాడులో దిండిగల్లు దగ్గర 1990ల చివర్లో అన్నా నెకారిస్ అనే పరిశోధకురాలు రాత్రిళ్లు వీటి వెంట తిరిగారు. తిండిలో దాదాపు అంతా పురుగూ పుట్రేనని, అందులో చీమలు బాగా ఎక్కువని ఆమె గమనించారు. చేతులకూ కాళ్లకూ తమ మూత్రమే పూసుకుంటాయి. కుట్టే చీమల బాధ తప్పించుకోవడానికి కావచ్చని ఒక ఊహ. పిల్ల కాస్త పెరగగానే తల్లి దాన్ని ఒక కొమ్మ మీద వదిలి మేతకు పోతుంది, అది అక్కడే పట్టుకుని ఉంటుంది. తెల్లవారేటప్పటికి అన్నీ ఒకచోట చేరి, ముళ్లకొమ్మల నడుమ ముడుచుకుని నిద్రపోతాయి. మా జెముడు కంచెల విలువ నాకు అది చదివాకే తెలిసింది.

ఇంత పనితనం ఉన్న ఒంటికి ఒకటే చేతకాదు. దూకలేదు.

దాని బంధువర్గంలో దూకేవాళ్లకు కొదవ లేదు. ఫిలిప్పీన్స్ టార్సియర్ పిడికిలంత ఉంటుంది, దూకితే తన ఒడలికి ఎన్నో రెట్ల దూరం పోతుంది. దాని కంటికి మెరిసే పొర లేదు, ఆ లోటును కన్ను సైజుతో పూడ్చుకుంది. ఒక్కో కన్ను దాని మెదడంత. ఆ కన్ను గుంటలో తిరగదు కాబట్టి తలనే వెనక్కి తిప్పుతుంది. మడగాస్కర్‌లో నూరుకు పైగా లెమూర్ జాతులున్నాయి. సిఫాకా నిలువుగా కూర్చుని ఒక మాను నుంచి ఇంకో మానుకు ఎగురుతుంది. తోకలో కొవ్వు దాచుకునే చిన్న లెమూరు వానలు లేని కాలమంతా, ఏడు నెలల దాకా, తొర్రలో నిద్రపోతుంది. ఐ-ఐ సన్నటి నడివేలితో మానును తట్టి, చప్పుడును బట్టి లోపలి పురుగును కనిపెడుతుంది. పాపం, అది ఎదురైతే కీడని అక్కడి కొన్ని ఊళ్లలో చంపేస్తారు.

అది చదివినప్పుడు మా సంత గుర్తొచ్చింది. సోదె చెప్పే ఒకతను బుట్టలో దేవాంగ పిల్లిని తెచ్చేవాడు. పట్టపగలు ఎండలో దాన్ని బయటికి తీసి చీట్లు లాగించేవాడు. అది మొహాన్ని చేతుల్లో దాచుకునేది, అతను విడదీసేవాడు. దాని కళ్లు మందుమాకులకు, చేతబడులకు పనికొస్తాయని పెద్దవాళ్లే చెప్పుకునేవారు. మా అవ్వ మాత్రం నన్ను అక్కడ నిలబడనిచ్చేది కాదు. "నోరులేని దాని ఉసురు పోసుకుంటా ఉండారు" అని అందరూ వినేటట్టే అనేది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఈ జీవికి మొదటి షెడ్యూలులో చోటిచ్చింది, అంటే పులితో సమానమైన రక్షణ. ఆ సంగతి సంతలో ఎవరూ ఎత్తలేదు.

అయినా ఊరికి దాన్ని దూరం చేసింది సోదెవాళ్లు కాదు. దారి వెడల్పు చేసినప్పుడు చింతలు కొట్టేశారు. చేలకు రాతికూసాలు, ఇనుపతీగ వచ్చాయి. కొమ్మకూ కొమ్మకూ మధ్య కాస్త ఖాళీ కోతికి లెక్క కాదు, టార్సియర్‌కూ కాదు. దేవాంగ పిల్లి మాత్రం నేల దిగి రోడ్డు దాటాలి, లేకపోతే కరెంటు తీగ పట్టుకోవాలి. రెండూ చావే. కరూరు, దిండిగల్లు జిల్లాల్లో 2022లో తమిళనాడు వీటి కోసమే కడవూరు అభయారణ్యం పెట్టింది, 11,806 హెక్టార్లు. దేశంలో అలాంటిది అదే మొదటిది. మనవైపు శేషాచలంలోనూ, కౌండిన్యలోనూ ఇవి ఉన్నాయి. మనం కూడా అంత గట్టిగా ఆలోచించాలని నా కోరిక. అభయారణ్యం గీత బయట ఉన్న కంచెలనూ, సాలు చెట్లనూ లెక్కలోకి తీసుకోవాలి. ఎందుకంటే ఈ జీవి అడవిలో ఎంత బతుకుతుందో చేను గట్టున అంత బతుకుతుంది.

మా చేని జెముడు కంచెను తమ్ముడు తీయనివ్వలేదు. దానికీ అడవికీ నడుమ ఇప్పుడు మూడు చేల ఖాళీ ఉంది. ఆ గట్లమీద తుమ్మ, రేగు, కలే నాటుదామని ఆ రైతులను అడిగాం. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన నీడ పడి పంట తగ్గుతుందంటున్నాడు, వానలు పడేలోపు మళ్లీ పోయి మాట్లాడాలి.