రిపోర్టులో కనిపించని నొప్పి

కొన్ని వ్యాధులు మనిషిని మంచాన పడవేస్తాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి సేవ చేస్తారు. మరికొన్ని లోలోపలే బాధిస్తాయి. పైకి మాత్రం మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఫైబ్రోమయాల్జియా ఈ రెండవ కోవకు చెందినది. నూటికి ఇద్దరు మొదలు నలుగురి వరకు దీనితో బాధపడుతుంటారని వైద్యుల అంచనా. వారిలో స్త్రీలే ఎక్కువ. అయినా మన ఇళ్లలో ఈ పేరు విన్నవారు అరుదు. నా శరీరంలో ఉన్నది ఈ వ్యాధేనని తేలడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో తెలిసివచ్చిన విషయాలు మరో సోదరికి ఉపకరించవచ్చునన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా పుట్టిల్లు కోరుట్ల, మెట్టినిల్లు జగిత్యాల. ఈ రెండు పట్టణాలలోనూ బీడీల చాట ఒళ్లో పెట్టుకొని పెరిగిన ఆడపిల్లలు ఎందరో. నేనూ వారిలో ఒకతెను. ఇక్కడి ఎన్నో ఇళ్లలో వలెనే మా ఇంట్లోనూ మగదిక్కు గల్ఫులో ఉంటుంది. ఇంటి పని, పిల్లల చదువు, బీడీల పని అన్నీ ఆడవారి మీదే. రోజంతా మెడ వంచి కూర్చునేవారికి మెడ, భుజాలు, వ్రేళ్లు నొప్పి పెట్టడం సహజం. అందుకే నా నొప్పులను ఇంట్లో ఎవరూ వింతగా చూడలేదు.

కాని పని వల్ల వచ్చే నొప్పికి ఒక హద్దు ఉంటుంది. ఏ అవయవంతో పని చేస్తామో అక్కడే అది ఉంటుంది, రెండు రోజుల విశ్రాంతితో తగ్గుముఖం పడుతుంది. నా నొప్పి భుజాల నుంచి నడుముకు, తొడలకు, పిక్కలకు ప్రాకింది. కుడి ఎడమలు రెండూ సమానంగా బాధించాయి. పండుగకు వారం రోజులు చాట ముట్టకపోయినా తగ్గలేదు. ఎనిమిది గంటలు నిద్రించినా, ఫజ్ర్ వేళకు రాత్రంతా బరువులు మోసినట్లు లేచేదాన్ని. చిన్నపాప ప్రేమతో మెడ చుట్టూ చేతులు వేసినా ప్రాణం విలవిలలాడేది. నమాజులో ఎన్నో రకాతులో ఉన్నానో మరచిపోయేదాన్ని. సిరిసిల్లలోని మా ఆపా ఇంటికి వెళ్తే, అక్కడి పిల్లలు హాయిగా నిద్రపోయే మరమగ్గాల చప్పుడు నాకు తలలో సుత్తితో కొట్టినట్లుండేది.

ఇవన్నీ వేర్వేరు సమస్యలని అనుకొని ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు వాడాము. 2006లో మన ప్రాంతాన్ని కుదిపివేసిన చికున్‌గున్యా తాలూకు నొప్పులని కొందరన్నారు. నజర్ తగిలిందని మరికొందరన్నారు. థైరాయిడ్, షుగర్, రక్తం, కీళ్లవాతం పరీక్షలు చేయించాము. డి విటమిన్ తక్కువగా ఉందంటే మందు వాడి సరిచేసుకున్నాను. నొప్పి మాత్రం పోలేదు. "రిపోర్టులన్నీ నార్మలే కదా!" అన్న మాట ఇంట్లో వినిపించసాగింది. ఆ మాట వెనుక ఉన్న అనుమానం నొప్పికన్నా ఎక్కువగా బాధించేది. వాడలో ఒకరు సూదిమందు ఇస్తే రెండు రోజులు ఉపశమనం, మళ్లీ అదే బాధ. ఈలోగా పదవ తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి పుస్తకం ప్రక్కన పెట్టి నా చాట తన ఒళ్లోకి తీసుకుంది. "మీరు పడుకోండి అమ్మీ, నేను పూర్తి చేస్తాను" అన్నది. నా వ్యాధి మూల్యాన్ని నా బిడ్డ చెల్లించడం మొదలైందని ఆనాడు అర్థమైంది.

హైదరాబాదులో కీళ్లవాత నిపుణురాలైన ఒక వైద్యురాలు నా రిపోర్టులను ప్రక్కన పెట్టి ప్రశ్నలు అడిగారు. ఈ వ్యాధిని రక్తపరీక్ష గాని ఎక్స్‌రే గాని చూపలేవని, రోగి చెప్పే మాటే ఇక్కడ ముఖ్యమైన ఆధారమని వివరించారు. 1990లో అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం శరీరంపై 18 చోట్ల నొక్కి చూసి, 11 చోట్లయినా నొప్పి ఉంటే ఈ వ్యాధిగా భావించాలన్నది. 2010 నుంచి నొక్కి చూడవలసిన అవసరం లేకుండా పోయింది. శరీరంలోని 19 భాగాలలో ఎన్నింట నొప్పి ఉందో లెక్కిస్తారు. అలసట, సేదతీర్చని నిద్ర, మతిమరుపు ఎంత తీవ్రంగా ఉన్నాయో అడుగుతారు. ఇవి కనీసం మూడు నెలలుగా ఉండాలి. నా లెక్క 19లో 13 వచ్చింది.

"మైకు సెట్టులో శబ్దం బాగా పెంచితే గుసగుస కూడా కేకలా వినిపిస్తుంది కదమ్మా! మీ నరాలు, మెదడు నొప్పిని అలా పెంచి వినిపిస్తున్నాయి. నొప్పి నిజమైనదే" అన్నారామె. ఆ చివరి మాటకు నా కళ్లు చెమర్చాయి.

సోదరీమణులారా! ఒంటినొప్పులన్నీ ఇదేనని భ్రమపడకండి. కీళ్లు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పినా కారణం వేరే ఉండవచ్చు. వెంటనే వైద్యులను సంప్రదించాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడా ఇలాంటి లక్షణాలనే చూపుతాయి గనుక పరీక్షలు అవసరమే. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం ఉంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. మొదటి పరీక్షలకు దూరం పోనక్కరలేదు. ఈ వ్యాధికి స్టెరాయిడ్లు పనిచేయవు. పైగా పదే పదే వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. ఏమిటో తెలియని సూదిమందును వేయించుకోకండి.

దీనిని సమూలంగా తొలగించే మందు నేటికీ లేదు. అదుపులో ఉంచే మార్గాలున్నాయి. వాటిలో వైద్యులు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది వ్యాయామం. నేను రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి నెలనెలా కొంచెం పెంచాను. ఇషా తర్వాత ఫోను ప్రక్కన పెట్టి, ఒకే వేళకు నిద్రిస్తున్నాను. రాత్రిపూట వైద్యురాలు వ్రాసిన చిన్న మోతాదు మాత్ర ఒకటి. బాధ ఎక్కువైన రోజున కుర్చీలో కూర్చొని నమాజు చేస్తాను. నిలబడలేనివారు కూర్చొని, అదీ సాధ్యం కాకపోతే ప్రక్కకు పడుకొని నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (సల్లం) అనుమతించారు.

స్త్రీ తన బాధ చెప్పుకుంటే సబ్ర్ లేనిదని కొందరంటారు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తన బాధను ప్రభువుకు విన్నవించుకున్నారని ఖుర్ఆన్ అంబియా సూరా తెలుపుతుంది. ఆయననే సహనశీలి అని సాద్ సూరా ప్రశంసిస్తుంది. చెప్పుకోవడం సహనానికి విరుద్ధం కాదని, చికిత్స పొందడం సున్నతేనని మా అత్తగారికి వివరించాను. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "నాకూ ఇలాగే ఉండేది బేటీ, ఎవరికీ చెప్పలేదు" అన్నారు. మరుసటి నెల ఆమెను కూడా వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాను.

నా నొప్పి పూర్తిగా పోలేదు. రోజుకు వెయ్యి చుట్టే చోట ఇప్పుడు నాలుగు వందలే చుడుతున్నాను. ఆదాయం తగ్గింది. మా అమ్మాయి మాత్రం తిరిగి పుస్తకం పట్టింది. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి ఒళ్లంతా నొప్పులంటూ, నిద్ర లేచీ అలసటతో ఉంటే, రిపోర్టు చూసే ముందు ఆమె మాట వినండి. ఎక్కడెక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, నిద్ర ఎలా ఉంది అన్నవి ఒక కాగితంపై వ్రాసి వైద్యుల ముందుంచండి. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.