పాపనాశి కప్పుల కింద

అలంపురం వెళ్ళినవాళ్ళు జోగులాంబ దర్శనం చేసుకుని, బాలబ్రహ్మ గుడి చూసి బస్సెక్కేస్తారు. ఊరికి ఎడంగా ఉన్న పాపనాశి గుళ్ళ దాకా పోయేవాళ్ళు తక్కువ. ఇంట్లో పట్టకాలు, పిరమిడ్లు నేర్చుకునే హైస్కూలు పిల్లలుంటే మాత్రం వాటిని చూడకుండా రాకూడదంటాను.

అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టినవి. వాటిలో ఎక్కువ శిఖరాలు వంపు తిరిగి పైకి పోతాయి. ఎంత అందంగా ఉన్నా వాటిని పిరమిడ్లు అనలేం. పిరమిడ్ పక్క ముఖం చదునైన త్రిభుజం కావాలి. ఆ తర్వాతి కాలపు పాపనాశి గుళ్ళ కప్పులు వేరు. మెట్లు మెట్లుగా, ఒక్కో వరస కిందిదానికంటే చిన్నదవుతూ లేస్తాయి. దూరం నుంచి చూస్తే నాలుగు త్రిభుజాలు కొన దగ్గర కలిసినట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే త్రిభుజం ఎక్కడా లేదు! అంచుల చెక్కడం పక్కన పెడితే, ప్రతి వరసా పలక లాంటి పట్టకమే: పైనా కిందా ఒకే కొలత చదరాలు, చుట్టూ నాలుగు సన్నటి దీర్ఘచతురస్రాలు. పట్టకాలు పేర్చి పిరమిడ్‌ను నిలబెట్టారు మన శిల్పులు.

పట్టకాల విషయంలో పిల్లలు తడబడేది భూమి, అంటే ఆధార ముఖం, దగ్గర. నేలకు ఆనిందే భూమి అనుకుంటారు. రెండు వాలుల షెడ్డు కప్పూ పట్టకమే; దాన్ని చూపించి భూమి ఏదని అడగండి, అడుగున ఉన్న దీర్ఘచతురస్రమే అంటారు. కాదు, ముందూ వెనకా నిలబడ్డ రెండు త్రిభుజాలే దాని భూములు. నడికొప్పుకు అడ్డంగా ఎక్కడ కోసినా అదే త్రిభుజం వస్తుంది మరి. పిరమిడ్‌ను భూమికి సమాంతరంగా కోస్తూ పైకి పోతే అదే ఆకారం చిన్నదవుతూ వస్తుంది. ఈ తేడా పట్టుబడితే బట్టీతో పనిలేదు. ముఖాలు లెక్కపెడితే చాలదు: షెడ్డు కప్పుకూ 5, చదరపు పిరమిడ్‌కూ 5. అంచులు మాత్రం మొదటిదానికి 9, రెండోదానికి 8.

పెద్దవాళ్ళకూ పిరమిడ్ తేలిగ్గా లొంగలేదు. త్రిభుజ పిరమిడ్ ఘనపరిమాణం, భూమి వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేదాంట్లో సగమని ఆర్యభటీయం చెప్పింది. 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతని సరిగ్గా తేల్చాడు. అలంపురంలో చాళుక్యుల గుళ్ళు లేవడం మొదలైన శతాబ్దమే అది.

పాపనాశి గుళ్ళను శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించడానికి రాయి రాయి విడదీసి తెచ్చి మళ్ళీ కట్టారు. ఏ ముఖం అడుక్కి పోవాలో, ఏది బయటికి కనబడాలో తెలియనిదే ఆ పని జరిగేది కాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లెక్కల టీచర్లకు నా మనవి ఒక్కటే. ఈసారి విహారయాత్ర బస్సును పాపనాశి దగ్గర గంటసేపు ఆపించండి. రాళ్ళ మీద గీతలు పడకుండా కాగితం, పెన్సిల్ ఇచ్చి, పిల్లల చేత ఆ కప్పులను వరసవరసగా గీయించండి.