బొరుగుల మీఠా

పరీక్షల వలన ఆ రంజాను పండుగకు మేము ముగ్గురమూ ఇంటికి వెళ్లలేకపోయాము. సేమియా, ఖర్జూరాలు కొనే స్తోమత లేదు. మా వద్ద ఉన్నవి గద్వాల బొరుగులు, వనపర్తి పల్లీలు, నాగర్‌కర్నూలు నుండి తెచ్చిన నల్లమల తేనె. పాలు, కాస్త నెయ్యి మెస్సులో అడిగి తెచ్చాము.

వనపర్తి మిత్రుడు ఈద్గాకు వెళ్లగానే, షీర్ ఖుర్మా పద్ధతిలో మరిగే పాలలో బొరుగులు వేశాము. క్షణంలో అంబలి అయినది! బజారులో మసాలా బొరుగులు కలిపిన వెంటనే తినమని బండివాడు తొందరపెట్టేది ఇందుకే కాబోలు. డబల్ కా మీఠాకు రొట్టెను ముందుగా వేయించడం అప్పుడు స్ఫురించినది. మిగిలిన గుప్పెడు బొరుగులను నేతిలో వేయించి, చల్లార్చిన చిక్కని పాలలో తేనె కలిపి, మిత్రుడు రాగానే పైన పోసి, పల్లీలు చల్లాము. అది ఒక్కరికే సరిపోయేంత.

అతడు రెండు చెంచాలు తిన్నాడు. అమ్మ చేసినట్లు లేదన్నాడు. పిమ్మట గిన్నెను మా మధ్యకు జరిపాడు.