యువర్ నేమ్ సినిమా, మా ఇద్దరి గోదారి

 

ఈ పోస్టు ఇద్దరం కలిసి రాస్తున్నాం. ఒకరు ఒక ముక్క రాసి పంపితే రెండోవాళ్లు దాన్ని దిద్ది, కింద ఇంకో ముక్క రాస్తున్నారు. అందుకే అంతా "మేము" అనే ఉంటుంది. పేర్లు రాయట్లేదు. ఇళ్లల్లో మాటలు ఇంకా తెగలేదు, పైగా ఈ గ్రూపులో మా బావలూ వదినలూ కూడా ఉన్నారు. మాలో అమ్మాయిది ఉట్నూరు వైపు గోండు గూడెం. అబ్బాయిది కూనవరం మండలంలో కోయ ఊరు, శబరి వచ్చి గోదారిలో కలిసే చోటుకి దగ్గర. ఇంతవరకు చాలు. గుర్తుపట్టినవాళ్లు దయచేసి మనసులోనే పెట్టుకోండి.

మేం చెప్పాలనుకున్నది ఒక జపాన్ బొమ్మల సినిమా గురించి. 2016లో వచ్చింది. వాళ్ల భాషలో పేరు 'కిమి నో నా వా', బయట అందరికీ 'యువర్ నేమ్' అని తెలుసు. తీసినాయన మకోతో షింకాయ్. బొమ్మల సినిమా అంటే చిన్నపిల్లలది అనుకుని మేమూ మొదట పట్టించుకోలేదు. ఇప్పటికి ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు.

కథ క్లుప్తంగా చెప్తాం. మిత్సుహా అనే అమ్మాయిది ఇతోమోరి అనే కొండ ఊరు. సరస్సు పక్కన ఉంటుంది. ఊళ్లో ఒక కాఫీ హోటల్ కూడా లేదు, రైలు రెండు గంటలకొకటి. తకి అనే అబ్బాయిది టోక్యో. వీళ్లిద్దరూ నిద్రపోయి లేచేసరికి ఒక్కోరోజు ఒకరి ఒంట్లో ఒకరు ఉంటారు. ఒకరికొకరు ఫోన్లో డైరీ రాసి పెట్టుకుంటారు. తిట్టుకుంటారు, అలవాటు పడతారు, తర్వాత ఇష్టపడతారు. ఉన్నట్టుండి ఒకరోజు అది ఆగిపోతుంది. తకి ఫోన్ చేస్తే కలవదు. ఊరి పేరు కూడా తెలీక, తను గీసిన బొమ్మలు పట్టుకుని వెతుక్కుంటూ పోతే తెలుస్తుంది: ఆ ఊరు మూడేళ్ల కిందటే తోకచుక్క ముక్క పడి పోయిందని. అంటే ఇన్నాళ్లు అతను మాట్లాడింది మూడేళ్ల వెనకున్న అమ్మాయితో. మిగతాది చూడనివాళ్ల కోసం కొంచెం దాచిపెడుతున్నాం, పూర్తిగా దాచడం మావల్ల కాదు.

మేం కలిసింది 2020 ఫిబ్రవరిలో, మేడారం జాతరలో. ఇద్దరం వేరువేరు విద్యార్థి సంఘాల తరఫున జంపన్నవాగు దగ్గర మంచినీళ్లు పంచే పనిలో ఉన్నాం. తప్పిపోయిన ఒక పాపని వాళ్లమ్మ దగ్గరికి చేర్చడానికి నంబర్లు తీసుకున్నాం. డప్పుల చప్పుడు, మైకులు. పేరు చెప్పినా వినబడలేదు. మాలో అబ్బాయి ఆ నంబర్ని "మేడారం వాటర్" అని సేవ్ చేసుకున్నాడు. రెండోసారి అడగడానికి సిగ్గుపడి నెల రోజులు పేరు తెలియకుండానే మెసేజులు పెట్టాడు. ఇప్పటికీ ఆ ఫోన్లో అదే పేరు ఉంది. అంతలో మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టళ్లు ఖాళీ చేయించారు. ఒకరం పై గోదారి వైపు, ఒకరం కింది గోదారి వైపు పోయి పడ్డాం.

ఆ రోజుల్లో మన అందరిదీ ఒకటే కథ కదా. ఆన్‌లైన్ క్లాసు వినాలంటే గుట్ట ఎక్కాలి. మాలో అబ్బాయికి ఊరి వెనక గుట్ట మీద, ఒక బండ పైన నిలబడితే రెండు గీతల సిగ్నల్ వచ్చేది, కూర్చుంటే పోయేది. అమ్మాయికి చేను గట్టున మంచె మీద. సాయంత్రం పశువులు ఇంటికి మళ్లే వేళకి ఇద్దరికీ పని తీరేది. మాట్లాడుకునేది ఆ మసక వెలుతురులోనే.

సినిమాలో ఆ వేళకి ఒక పేరుంది, కతవారె దోకి. ముందు ఒక సీనులో బడి టీచరమ్మ మునిమాపు గురించి పాఠం చెప్తుంది. పాత భాషలో ఆ మాటకి "ఎవరది?" అనే అర్థం ఉందట, మొహాలు ఆనవాలు దొరకని వేళ కాబట్టి. ఇతోమోరి ముసలివాళ్ల యాసలోనే పాత మాటలు బతికున్నాయని కూడా అంటుంది. ఆ ఒక్క మాటకి మేం సినిమా ఆపేశాం. గోండిలో నీళ్లని "యేర్" అంటారు, కోయలోనూ అంతే. మొదటి నెలల్లో మేం ఇలాంటి మాటలు ఏరుకుంటూ గంటలు గడిపాం. బళ్లో ఇవే మాటలు ఆడితే మమ్మల్ని నవ్వారు. టీచరమ్మ ఒకరు క్లాసులో అందరి ముందు మా ఊరి యాస గొప్పదని చెప్పడం మేం చూసింది ఆ బొమ్మల సినిమాలోనే.

ఇంకో సీను ఉంది. మిత్సుహా, వాళ్ల చెల్లెలు గుడిలో బియ్యం నమిలి చిన్న పాత్రలో ఉమ్ముతారు, అది పులిసి దేవుడికిచ్చే సారా అవుతుంది. క్లాసు పిల్లలు చూసి అసహ్యంగా మాట్లాడతారు. ఆ రాత్రి మిత్సుహా మెట్ల మీద నిలబడి, వచ్చే జన్మలో టోక్యోలో అందమైన అబ్బాయిగా పుట్టించమని అరుస్తుంది. హాల్లో జనం నవ్వే చోటు అది. మాకు నవ్వు రాలేదు. మాలో అబ్బాయిని ఇంటర్ హాస్టల్లో రెండేళ్లపాటు "జీలుగు" అని పిలిచారు, సెలవులకి వెళ్లొచ్చినప్పుడల్లా జీలుగు కల్లు వాసన వస్తోందని. వచ్చే జన్మ సంగతి వాడూ అడిగాడు, గట్టిగా అరవలేదంతే.

సినిమా మొదటిసారి చూసింది 2021లో. ఇద్దరి దగ్గరా పెన్‌డ్రైవ్‌లో ఒకటే ప్రింటు. ఫోన్‌లో ఒకటి, రెండు, మూడు అనుకుని ఒకేసారి నొక్కాం. పది నిమిషాలకే కాల్ కట్టయింది, తర్వాత ఒక ఊళ్లో కరెంటు పోయింది. ఒకరం సినిమా పూర్తి చేసి ఏడుస్తుంటే ఇంకొకరం ఇంకా సగంలో ఉన్నాం. "ఏమైంది? చచ్చిపోయిందా? చెప్పొద్దు, చెప్పొద్దు" అని మెసేజ్. కాలం తేడాతో ప్రేమించుకోవడం అంటే ఏంటో మాకు అక్కడే అర్థమైంది.

అసలు సంగతి 2022 జులైలో జరిగింది. జులై 13న కడెం ప్రాజెక్టుకి ఎప్పుడూ రానంత వరద వచ్చింది. గేట్లు ఎత్తినా నీళ్లు ఆనకట్ట మీంచి దూకుతాయేమోనని రాత్రికి రాత్రి ఊళ్లు ఖాళీ చేయించారు. ఉట్నూరు వైపు వాగులన్నీ పొంగాయి. మాలో అమ్మాయి ఆ నీళ్లు చూసింది. అవి గోదారిలో పడతాయి, కింద ప్రాణహిత కలుస్తుంది, ఇంద్రావతి కలుస్తుంది, తర్వాత భద్రాచలం, ఆ తర్వాత కూనవరం. వెంటనే ఫోన్ చేసింది. అదృష్టం, బండ మీద ఉన్నాడు.

"నీళ్లు వస్తున్నాయి. మీరు ఎప్పుడూ చూసినట్టు కాదు. ఎక్కేయండి."

"మా తాత 86 వరద చూశాడు. మాకు తెలుసులే."

"మీ తాతకి చెప్పు, నేను పై గోదారి నుంచి చెప్తున్నానని చెప్పు."

ఆ మాట తాతకి అలాగే చెప్పాడు. తాత కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి మేకల తాళ్లు విప్పాడు. ఆ సాయంత్రమే ధాన్యం, మేకలు, పళ్లెం బుట్ట, కుల సర్టిఫికెట్లు, ఆధార్లు, భూమి కాగితాలు ఉన్న రేకు పెట్టె గుట్ట మీదికి చేరాయి. పక్కిళ్లవాళ్లు కొందరు కదిలారు, కొందరు మర్నాడు పడవల మీద వచ్చారు. 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో 75.6 వచ్చిందని తాత చెప్పేది నిజమే, కానీ శబరి కూడా వెనక్కి తన్నేసరికి ఇంటి కప్పు కనబడలేదు.

సినిమాలో ఇద్దరి మధ్య మూడేళ్లు. మా మధ్య మూడు రోజులు.

తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ కలవలేదు. టవర్ లేదు, కరెంటు లేదు. "మీరు డయల్ చేసిన నంబరు" అన్న గొంతు తప్ప ఏమీ లేదు. మాలో అమ్మాయి ఆ తొమ్మిది రోజులు సినిమా జోలికి పోలేదు. తకి లైబ్రరీలో కూర్చుని చనిపోయినవాళ్ల జాబితాలో వేలు పెట్టి మిత్సుహా పేరు వెతికే సీను ఒకటి ఉంది. అది కళ్లముందు ఆడుతూనే ఉందట. పదో రోజు చింతూరు వైపు నుంచి ఎవరిదో ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది: "మేడారం వాటర్‌కి: మేకలన్నీ బాగున్నాయి." ఇంతకంటే మంచి ప్రేమలేఖ మాలో ఎవరూ రాయలేదు.

షింకాయ్‌కి ఈ కథ రావడం వెనక 2011లో జపాన్‌ని ముంచిన సునామీ ఉందట. అందుకే కాబోలు ఇందులో ప్రేమ కంటే ముందు హెచ్చరిక ఉంటుంది. తకి కడదాకా పాకులాడేది మిత్సుహాతో "నువ్వంటే ఇష్టం" అని చెప్పడానికి ఒక్కటే కాదు, "ఊరు ఖాళీ చేయించు" అని చెప్పడానికి.

ఇక మా భయం గురించి. సినిమాలో పెద్ద ప్రశ్న "నీ పేరేంటి?" అని. మనలో అది రెండో ప్రశ్న. మొదటిది "ఏ గట్టు?" గోండుల్లో అయితే "ఎన్ని దేవతలు?" ఒకటే అయితే అన్నాచెల్లెళ్లు, మాట అక్కడితో సరి. మూడేళ్లు ప్రతి సాయంత్రం మాట్లాడుకున్నాం, ఈ ఒక్కటి అడగలేదు. ఇంటిపేర్లు కూడా తప్పించుకుంటూ మాట్లాడాం. నవ్వుతారేమో, మీరూ ఇలాగే చేసి ఉంటారు. 2023లో ఒకరోజు ఇంకాగలేక, ఇద్దరం చెరో కాగితం మీద అంకె రాసి ఫోటో తీసి ఒకేసారి పంపుకున్నాం. సినిమాలో పేర్లు మర్చిపోకుండా అరచేతుల మీద రాసుకోబోయినట్టు. ఒక కాగితం మీద 4, ఒక కాగితం మీద 5. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మాలో అమ్మాయి మేనమామలు మెస్రం వాళ్లు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా కోసం హస్తినమడుగుకి చెప్పుల్లేకుండా నడిచిపోయి గోదారి నీళ్లు తెస్తారు. సినిమాలో అమ్మమ్మ మనవరాళ్లని కొండ మీది దేవుడి దగ్గరికి తీసుకెళ్తూ ముసుబి గురించి చెప్తుంది. దారాలు కలపడం ముసుబి, మనుషులు కలవడం ముసుబి, తాగిన నీళ్లు ఒంట్లో కలవడమూ ముసుబి. ఆ ముక్క గోండిలోకి మార్చి చెప్తే మేనమామ, "ఇది జపానోళ్లు చెప్పేదేంటి" అన్నాడు.

సినిమా మీద మాకు ఒక కోపం కూడా ఉంది. జనం బతుకుతారు, సంతోషం. చివరికి మిత్సుహా టోక్యోలో ఉంటుంది, స్నేహితులూ టోక్యోలోనే. ఇతోమోరి మళ్లీ లేవలేదు. ఆ అమ్మమ్మ ఏ ఇంట్లో కూర్చుని దారం అల్లుతోందో మాకు కనబడలేదు. రెండొందల ఏళ్ల కిందట ఒక అగ్నిప్రమాదంలో రాతలన్నీ కాలిపోయి, పండగల అర్థం పోయిందని, పద్ధతి మాత్రం మిగిలిందని ఆవిడే చెప్తుంది. ఊరే పోయాక ఆ పద్ధతి ఎక్కడ చేస్తారు? టోక్యో మెట్ల మీద ఇద్దరూ కలుసుకుంటుంటే అందరికీ కన్నీళ్లు వస్తాయి. మాకూ వచ్చాయి. కానీ మాలో అబ్బాయి ఊరు పోలవరం ముంపులో ఉంది. బతికి బయటపడ్డాక జనం ఎక్కడున్నారన్నది మాకు సినిమా అయిపోయాక వచ్చే సందేహం కాదు, పెళ్లి మాటల్లో మొదటి ప్రశ్న.

నిజంగానే అదే అడిగారు. గట్టు కుదిరింది. తెగ వేరు అన్న మాట రెండు రోజులు నడిచి ఆగింది. 2014లో కూనవరం ఆంధ్రాలో కలిసింది కదా, రేపు పిల్లలు ఏ రాష్ట్రం లోకల్ అవుతారన్నదీ వచ్చింది. దానికి మా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. తర్వాత అమ్మాయి వాళ్ల నానమ్మ అడిగింది: "పిల్లని ఏ ఊరికి ఇస్తున్నాం? ఊరి పేరు చెప్పండి."

పాత ఊరు పేరు చెప్పాలా, కాలనీ పేరు చెప్పాలా అని అబ్బాయి ఇంట్లో వారం నుంచి వాదన. కాలనీకి ఇంకా పేరు లేదు, నంబరు ఉంది. తాత మాత్రం తేల్చేశాడు, తను బతికుండగా పాత పేరే చెప్తానని. వచ్చే ఆదివారం తాతని తీసుకుని భద్రాచలం మీదుగా బస్సులో బయల్దేరుతున్నారు. తాతకి బస్సు పడదు, దారిలో మూడుచోట్ల దిగి కూర్చోవాలి. చేరేసరికి పశువులు మళ్లే వేళవుతుంది.