గండికోట కాల్బంట్లు, మా బొమ్మల కొలువు

ప్రొద్దుటూరి దసరా మా సీమయందు పేరొందినది. కన్యకాపరమేశ్వరి దేవళమున అమ్మవారికి చేయు అలంకారములను చూచుటకై చుట్టుప్రక్కల పల్లెలనుండి జనులు తండోపతండములుగా వచ్చెదరు. ఆ దినములలోనే ఇండ్లయందు బొమ్మల కొలువులును తీర్చుదురు. ఈ యేడు మా కొలువునందు గండికోట సైన్యమును నిలుపవలయునని తలచి, అందుకై ప్రయాణములును, కఱ్ఱపనియు, రంగులపనియు చేసితిమి. ఆ వృత్తాంతమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

దీనికి మూలము మా చిన్నవానికి బహుమానముగా వచ్చిన యొక ప్లాస్టికు సిపాయిల పెట్టె. అందు సిపాయిలు ముక్కలుగా నుందురు. తలలు, చేతులు, తుపాకులు అన్నియు ఒక చట్రమునకు కొమ్మకు కాయలవలె అంటియుండును. వానిని కత్తిరించి, గఱుకులు గీకి, బంకతో అతికి, రంగులు వేసికొనవలెను. పడమటి దేశములలో తలపండిన పెద్దలు సైతము ఈ పనిలో మునిగి అన్నము మఱచెదరట. 1893లో లండను నగరమున విలియం బ్రిటన్ కుటుంబమువారు లోన బోలుగా నుండు సీసపు సిపాయిలను పోతపోయ మొదలిడిరి. లోహము తక్కువ పట్టుటచే వెల తగ్గి, అవి ఇంటింట ప్రవేశించినవి. వాని యెత్తు 54 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములకు కొంచెము పైన. సీసము పిల్లలకు చేటు గనుక ఇప్పుడు ప్లాస్టికు దాని తావున నిలిచినది. మా పెట్టెలోని వారందఱును ఐరోపావారే. “గండికోట సిపాయి ఎట్లుండును?” అని మా చిన్నవాడు అడిగెను. మావారు బడిపంతులు గనుక రాజుల పేర్లన్నియు వరుసగా చెప్పిరి గాని, సిపాయి తలపై నేమి ధరించెనో చెప్పలేదు.

దేవతల సరసను సిపాయిలను పెట్టుట తగునా యని ఇరుగుపొరుగు పెద్దలు కొందఱు శంకించిరి. మహానవమికిని సైన్యమునకును గల సంబంధము క్రొత్తది కాదు. హంపీలోని హజారరామాలయపు ప్రాకారముమీద ఏనుగులు, గుఱ్ఱములు, కాల్బంట్లు, నాట్యమాడు స్త్రీలు బంతులు బంతులుగా చెక్కబడియున్నారు. అది మహానవమి యూరేగింపేయని పండితులు చెప్పుదురు. 1520 ప్రాంతమున వచ్చిన డొమింగో పాయిస్ అను పోర్చుగీసు బాటసారి, కృష్ణదేవరాయలు ఆ పండుగలో తన దండును చూచుకొనిన వైభవమును వర్ణించినాడు. రాయలు మైదానమున నిలిపినదానిని మేము మెట్టుమీద నిలుపుచున్నాము, అంతియే.

శ్రావణమాసమున ఒక యాదివారము మేమందఱమును బస్సులో జమ్మలమడుగు చేరితిమి. జమ్ము మొలచిన మడుగు గనుక ఆ పేరు వచ్చెనందురు. అచ్చట నారపుర వేంకటేశ్వరుని సేవించి, గండికోట త్రోవ పట్టితిమి. సుమారు పదునైదు కిలోమీటర్లు. ఎఱ్ఱమల కొండలను పెన్న నిలువున చీల్చుకొని పోవు ఆ గండిని అంచున నిలిచి చూడగనే కాళ్లు వణకినవి. పిల్లల చేతులు విడువక పట్టుకొంటిమి. శత్రువునకు ఆ వైపున నిచ్చెన వేయు పని లేదు.

కోటలో మాధవరాయని గుడియు, రంగనాథుని గుడియు, జుమ్మా మసీదును, కత్తులు కడిగిరని చెప్పుకొను కత్తుల కోనేరును చూచితిమి. మావారును చిన్నవాడును బురుజుల యొద్ద కొలతలు వ్రాసికొనుచుండగా, మేమును మా పెద్దమ్మాయియు ధాన్యాగారములో నిలిచిపోతిమి. ఎంత ఎత్తు! ఎంత చల్లదనము! ఆ రాతి కప్పు క్రింద నిలిచినపుడు, ఈ కోట నిలిచినది కత్తిమీదనా, గింజమీదనా యని తోచినది. ఒక్క బంటు గోడమీద పగలెల్ల నిలువవలెనన్న క్రింద ఎవతెయో దంచవలెను, విసరవలెను, నీరు మోయవలెను. ఆమె బొమ్మ ఏ పెట్టెలోను రాదు. మా సైన్యములో ఆమె యుండి తీరవలెనని అక్కడనే నిశ్చయించితిమి.

1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకులనుండి గైకొనెను. 1652లో టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వచ్చి ఆయనను ఇచ్చటనే దర్శించెను. ఫిరంగులు పోతపోయుటకై గుడులలోని రాగి విగ్రహములను సేకరించిరనియు, పోతపనికి ఫ్రెంచివాడొకడు కుదిరెననియు, గండికోట గుడిలోని ఆఱు విగ్రహములు మాత్రము ఎంత చేసినను కరగలేదనియు అతడు వ్రాసెను. కరగకపోవుటకు కారణమేమైనను, మా పెద్దమ్మాయి ఆ మాట విని చాలసేపు పలుకలేదు.

ఇక బొమ్మల పని. కొండపల్లివారు వాడు తెల్లపొణికి కఱ్ఱను తెప్పించితిమి. అది తేలికయైనది, చాకుకు మెత్తగా లొంగును. అక్కడి పనివారు అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండిలో ఱంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆపైన రంగులు వేయుదురు. మేము ఆ పద్ధతినే అనుసరించితిమి. మక్కు బాగుగా ఆరకమునుపే సున్నము పూసిన అతుకు విచ్చును గనుక రెండు దినములు ఊరకుండుట మేలు. లేత రంగులు ముందు, ముదురు రంగులు పిదప, గీతలు కట్టకడపట. కుంచె మేకవెండ్రుకలది. బట్టల కొఱకు లేపాక్షి గుడి కప్పుమీది చిత్రముల పటములను ముందుంచుకొంటిమి. పదాఱవ శతాబ్దపు పొడుగు కుళ్లాయిలు, చారల వస్త్రములు అందు చక్కగా కానవచ్చును. అవి దొరలవి, బంట్లకు తలపాగయు, గోచియు, డాలును, బల్లెమును ఇచ్చితిమి. ముప్పదిమంది బంట్లు, నాలుగు గుఱ్ఱములు, కొండపల్లిలో కొన్న అంబారీ యేనుగు ఒకటి. రోకండ్లతో ఇద్దఱు, తిరుగటి యొద్ద ఒకతె, నీటికడవలతో ముగ్గురు.

గోలకొండవారిని చేయు వేళ ఒక చిక్కు వచ్చినది. చిన్నవాడు వారి ముఖములకు నలుపు వేసి, కోరమీసములు పెట్టవలెననెను. గోలకొండ కొలువులోను తెలుగు నాయకవాడులు ఉండిరని మావారు చెప్పగా, ఇరుపక్షములకును ఒకే గిన్నెలోని రంగు వేసితిమి. జెండాలు మాత్రమే వేఱు. ఇది చూచి మా పొరుగావిడ “అయితే ఎవరు శత్రువులో తెలియుట ఎట్లు?” అని యడిగినది. చిన్నవాడు జెండాలు చూపెను.

భాద్రపదమున మా పుట్టినింటి కొలువు పెట్టెను తెచ్చుటకై ముద్దనూరు మీదుగా పులివెందుల పోతిమి. పూర్వము పులుల మందలు తిరిగిన తావట. ఇప్పుడు చీనీతోటలు కంటికి చలువగా నున్నవి. పెట్టెలో మా అమ్మ నాటి ఎఱ్ఱచందనపు రాజు, రాణి యున్నారు. ఎఱ్ఱచందనము మా కడప కొండల చెట్టే గదా! వారు జానెడెత్తు, మా బంట్లు రెండంగుళములు. రాజు పాదము క్రింద ఒక గుఱ్ఱము ఇముడును! ఏ దేశపు కొలతలకును ఇది సరిపడదు గాని, వారు లేనిదే మాకు కొలువు లేదు.

చూపుటకని పండ్రెండుమంది బంట్లను దూదిలో చుట్టి వెంట గొనిపోయితిమి. వారికింకను కన్నులు పెట్టలేదు. మా అన్నగారి పెద్దకొడుకు సైన్యములో చేరి మూడేండ్లైనది, సరిహద్దున నున్నాడు, ఈ పండుగకు సెలవు దొరకలేదు. మా వదినగారు ఒక బొమ్మను అరచేత నుంచుకొని చాలసేపు చూచి, “వదినా, వీనికి కండ్లు నేను పెట్టేదా?” అని యడిగినది. కుంచె ఇచ్చితిమి. చేయి వణకకుండ మోచేతిని మోకాలిపై ఆనించి, ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టినది. పిమ్మట ఆ బొమ్మను తక్కినవారి వరుసలో నిలుపక, తన వంటింట ఉప్పుజాడీ ప్రక్కన అలమరలో పెట్టుకొన్నది. తిరిగి యిమ్మని మేము అడుగలేదు, ఆమెయు ఇవ్వలేదు.

కోటగోడపై ఒక తావు ఖాళీగా నున్నది. పాడ్యమికింకను ఆఱు దినములున్నవి. చిన్నవాడు మఱియొక పొణికి ముక్కను చెక్కుచున్నాడు.