టీవీ లేని ఇంటికి టీవీ ఫీజు

"అన్నా, మళ్లీ ఉత్తరం వచ్చింది" అన్నాడు తమ్ముడు.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. వాడిది ఉప్పల్, నాది నాచారం. మూడో వాడిది వరంగల్. ముగ్గురం జర్మనీలో, కెమ్నిట్జ్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం.

"పక్కన పడెయ్‌రా. మనకు టీవీయే లేదు, టీవీ ఫీజు ఏంది?" అన్నాను. అందరికంటే ముందొచ్చింది నేను. అందుకే ఇంట్లో నా మాటే చట్టం.

అలా 11 నెలలు పక్కన పడేశాం. చివరికి ముగ్గురి పేరు మీదా మూడు లెక్కలొచ్చాయి. ఒక్కొక్కరికి 201.96 యూరోలు. నాకు ఆలస్య రుసుం ఇంకో 8 యూరోలు. తమ్ముడు గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు చేసి అద్దె కడుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నా, ఇది వీసా మీద పడుతుందా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది.

ఆ రాత్రి ట్రాన్స్‌లేటర్ యాప్ పెట్టుకుని ఉత్తరాలన్నీ చదివాను. పేరు రుండ్‌ఫుంక్‌బైట్రాగ్. ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ లాంటి ప్రజా ప్రసార సంస్థలు నడిచేది ఈ డబ్బుతోనే. 2013 నుంచి ఈ ఫీజు టీవీకి కాదు, ఇంటికి. టీవీ ఉన్నా లేకున్నా నెలకు 18.36 యూరోలు. మనం అడ్రస్ నమోదు చేయించుకోగానే ఆ సమాచారం వాళ్లకు వెళ్తుంది.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఒక ఇంటికి ఒక్కరు కడితే చాలు. మిగతావాళ్లు ఆ కట్టేవాడి నంబరు వేసి ఫారం నింపితే వాళ్ల ఖాతాలు మూసేస్తారు. హాస్టల్లో కారిడార్‌లోకి తలుపున్న సొంత గది అయితే మాత్రం ఆ గదే ఒక ఇల్లు కింద లెక్క. మినహాయింపు కూడా ఉంది. కానీ అది బాఫోగ్ అనే ప్రభుత్వ సాయం తీసుకునే విద్యార్థులకు. బ్లాక్డ్ అకౌంట్ డబ్బుతో చదివే మనలాంటోళ్లకు మామూలుగా వర్తించదు.

మర్నాడు నాచారానికి ఫోన్ చేసి తాతకు చెప్పుకున్నాను. తాత నవ్వాడు. "మా కాలంలో రేడియోకు కూడా లైసెన్సు ఉండేదిరా. పోస్టాఫీసుకు పోయి పైసలు కట్టి, బుక్కులో ముద్ర ఏయించుకునేటోళ్లం" అన్నాడు. మన దగ్గర 1980లలో అది రద్దయింది. "ఒక ఏడు కట్టకుండా రేడియోను బియ్యం డబ్బా ఎనక దాచిన. పాట ఇననీకే భయమయ్యేది. మళ్లా ఏడు పోయి కట్టేసిన. ఉత్తరం తెరవకుంటే అప్పు ఆగుతదారా?"

నా పేరు మీద ఖాతా ఉంచి, మిగతా ఇద్దరికీ ఫారాలు నింపి పంపాను. 201.96ని ముగ్గురం పంచుకుంటే తలా 67.32. ఆ 8 యూరోలు మాత్రం నావే. ఇద్దరి ఖాతాలూ మూసేసినట్టు కాగితాలు వచ్చిన రోజు తమ్ముడు బగారా అన్నం వండాడు.

ఇప్పుడు డబ్బాలో ఏ ఉత్తరం పడినా వాడే ముందు తెరుస్తాడు. నన్ను అడగడు. అదీ మంచిదే.