గురక ఆగిన తర్వాత



ఈసారి మేము రాస్తున్నది గురక గురించి. నవ్వుకోండి, పర్వాలేదు. మా సంఘం ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది. ఒకసారి పక్క మండలంలో మూడు రోజుల కూటాలకు వెళ్తే, ఒకే గదిలో ముగ్గురు సేవకులకు పడకలు వేశారు. తెల్లారేసరికి మిగతా ఇద్దరూ చాపలు చంకన పెట్టుకొని చర్చి వరండాలో దోమల మధ్య పడుకొని ఉన్నారు. "అయ్యగారికి ప్రసంగానికి మైకు కావాలి గానీ నిద్రకు అక్కర్లేదు" అని ఆ ఇంటాయన అన్న మాట మాకంటే ముందే మా ఊరు చేరింది.

సంఘం మమ్మల్ని అయ్యగారు, అమ్మగారు అని పిలుస్తుంది. ఎవరి సంగతి ఎవరిదో తెలియడానికి ఇక్కడా అలాగే రాస్తాం. ఎందుకంటే అన్నిటిలో "మేము" అనే మేము ఈ ఒక్క విషయంలో ఇద్దరం వేరు. గురక పెట్టేది ఒకరు, వినేది ఒకరు. పెట్టేవారికి అసలేమీ తెలియదు. వినేవారికి మాత్రం లోకం నవ్వని సంగతి ఒకటి తెలుసు. గురక మధ్యలో ఆగిపోతుంది.

శబ్దం పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఏమీ వినిపించదు. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, లోపలికి మాత్రం గాలి పోదు. అమ్మగారు చీకట్లో లెక్కపెట్టేవారు. పది, పదిహేను, ఇరవై. ఇరవై దాటితే భుజం పట్టి కుదిపేవారు. మునిగినవాడు నీళ్ళలోంచి పైకి తేలినట్టు అయ్యగారు ఒక్కసారి గాలి పీల్చుకొని అటు తిరిగి పడుకొనేవారు. మళ్ళీ గురక మొదలు. ఆ మోత వినిపిస్తేనే అమ్మగారికి కాస్త కునుకు పట్టేది. ఇది ఎవరికీ చెప్పలేదు. అయ్యగారి గది సంగతులు సంఘంలో ఎవరితో చెప్పుకోవాలి?

పగలు వేరే కథ. అయ్యగారు తలనొప్పితో లేచేవారు, నోరు పిడచగట్టుకుపోయి ఉండేది. ఎవరింటికైనా ప్రార్థనకు వెళ్తే, వేరొకరు ప్రార్థిస్తున్నప్పుడు తల వాలిపోయేది. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా దిగేది కాదు. దీన్ని మేము ఏమనుకున్నామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ప్రార్థనలో నిద్ర వస్తోందంటే ఆత్మలో చల్లారిపోయామనుకున్నాం. అందుకని శుక్రవారం ఉపవాసానికి బుధవారం కూడా కలిపాం. అయిదింటికి లేచేవాళ్ళం నాలుగింటికి లేవడం మొదలుపెట్టాం. ఉన్న నిద్రే అరకొర, అందులోంచి మరో గంట కోసేశాం.

ఒక సాయంత్రం సమాధి కార్యక్రమం ముగించుకొని కాలువ గట్టు మీదుగా బండి మీద వస్తున్నాం. వెనక కూర్చున్న అమ్మగారు ఏదో అడిగారు, జవాబు రాలేదు. బండి మెల్లగా కాలువ వైపు వంగుతోంది. వీపు మీద గట్టిగా చరిచేసరికి అయ్యగారు బ్రేకు వేశారు. ముందు చక్రానికీ నీళ్ళకూ మధ్య రెండు మూరల గడ్డి ఉంది. ఇద్దరం అక్కడే దిగి చాలాసేపు కూర్చున్నాం. ఇంటిదాకా బండి నడిపించుకుంటూ వచ్చాం.

మర్నాడు అమ్మగారు తొలిసారి నోరు విప్పి మా సంఘంలోని నర్సమ్మకు అంతా చెప్పారు. ఆమె నవ్వలేదు. "ఎన్ని సెకన్లు ఆగుతుందమ్మగారూ?" అని మాత్రం అడిగింది. గుంటూరులో ఒక డాక్టరుగారి పేరు రాసిచ్చింది.

పరీక్ష ఇంట్లోనే చేసుకున్నాం. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి క్లిప్పు పెట్టుకొని ఒక రాత్రి పడుకోవాలి. గంటకు సగటున 24 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. కనీసం పది సెకన్లు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారట. అయ్యగారికి అన్నిటికంటే పొడవైనది 41 సెకన్లు. ఆక్సిజన్ 81కి పడింది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గంటకు 5 దాటితే తక్కువ స్థాయి, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి గొంతు తెరిపిస్తుంది. ఆ ఉలికిపాటు మనిషికి గుర్తుండదు, నిద్ర మాత్రం ముక్కలవుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. అయ్యగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "మరి నా ఉపవాసాలు?" అన్నారు. డాక్టరుగారికి అర్థం కాలేదు. మాకు అర్థమైంది.

ముందుగా చెప్పింది సీపాప్ మిషను. ముక్కుకు మాస్కు పెట్టి, గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపుతుంది. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు దీన్ని లోకానికి చూపించారు. ఈ జబ్బుకు దీనంత బలమైన మందు లేదు, తీవ్రంగా ఉన్నవారు దీన్ని కాదనకూడదు. మేము మూడు వారాలు అద్దెకు తెచ్చుకున్నాం. అయ్యగారు నిద్రలోనే మాస్కు లాగి పడేసేవారు. మా ఊళ్ళో వేసవిలో రాత్రి కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. కూటాలకు వెళ్ళిన చోట చాప మీద పడకైతే ప్లగ్గు ఎక్కడ వెతకాలి? మూడో వారం చివరికి మిషను పెట్టెలోనే ఉండిపోయింది. అప్పుడు డాక్టరుగారు, "మీది మధ్యస్థం. పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళండి, నోట్లో పెట్టుకునేది చేయిద్దాం" అన్నారు.

గురకకు పళ్ళ డాక్టరేమిటని మాకూ అనిపించింది. ఆమె చెప్పిన మాట రైతులకు ఇట్టే అర్థమవుతుంది. మోటారు నీళ్ళు వదిలే వైపు మెత్తటి గుడ్డ పైపు పెట్టుకోవచ్చు. పీల్చే వైపు పెడితే లాగిన కొద్దీ గోడలు అంటుకుపోతాయి, అక్కడ గట్టి పైపే ఉండాలి. మన గొంతు ఆ మెత్తటి పైపు లాంటిది. నిద్రలో కండరాలు వదులై నాలుక వెనక్కి పడితే, పీల్చిన కొద్దీ మూసుకుపోతుంది. నాలుక కింది దవడకు అతుక్కొని ఉంటుంది కాబట్టి దవడను కాస్త ముందుకు తెచ్చి నిలిపితే నాలుకా ముందుకొస్తుంది, దారి తెరుచుకుంటుంది. స్పృహ తప్పినవారికి దవడ ముందుకెత్తి ఊపిరాడేలా చేయడం తమకూ నేర్పారని తర్వాత నర్సమ్మ చెప్పింది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. చిన్న దవడతో పుట్టి, నాలుక గొంతుకు అడ్డుపడే పిల్లల కోసం 20వ శతాబ్దం మొదటి భాగంలోనే ఫ్రాన్స్‌లో పియర్ రోబిన్ అనే వైద్యుడు ఇలాంటి ఉపకరణం వాడారు.

ఆమె ముందు పళ్ళు లెక్కపెట్టింది, చిగుళ్ళు నొక్కి చూసింది. కదిలే పళ్ళుంటే కుదరదు, ఎందుకంటే రాత్రంతా దవడ బరువు మోసేది అవే. ఒక పన్ను పూడ్చాకే పైదానికీ కిందిదానికీ అచ్చులు తీసింది. డబ్బు అమ్మగారు పాడుకున్న చీటీలోంచి వచ్చింది. ఆ చీటీ వంటింటి పైకప్పు కోసం వేసింది. వానాకాలం మా పొయ్యి ఇప్పటికీ గొడుగు కిందే వెలుగుతోంది.

మొదటి పది రోజులు దిండు నిండా సొంగ. లేవగానే పళ్ళు పళ్ళకు కలిసేవి కావు, ఇడ్లీ కూడా నమలలేక టీలో ముంచుకొని తిన్నారు. చెవి దగ్గర కీలు నొప్పి. ఇవన్నీ ముందే చెప్పి పంపింది. ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ వరుస కొద్దిగా మారవచ్చని కూడా చెప్పి, పొద్దున దవడకు చేయాల్సిన కసరత్తు నేర్పింది, ఆర్నెల్లకోసారి రమ్మంది. దవడను ఒక్కసారిగా లాగదు. పక్కన చిన్న మర ఉంటుంది, వారం వారం మిల్లీమీటరులో చిన్న వంతు చొప్పున ముందుకు తిప్పుకోవాలి.

అయిదో వారంలో ఒక రాత్రి గురక ఆగింది. అమ్మగారు అదిరిపడి లేచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దాటింది, ముప్పై దాటింది. వణుకుతూ చెయ్యి ముక్కు దగ్గర పెడితే వెచ్చటి గాలి తగిలింది. ఊపిరి చప్పుడు లేకుండా వస్తోంది, పోతోంది. ఆ రాత్రి అమ్మగారు మాత్రం నిద్రపోలేదు.

రెండు నెలల తర్వాత దాన్ని పెట్టుకొని మళ్ళీ పరీక్ష చేయించుకున్నాం. 24 కాస్తా 7 అయింది. సున్నా కాలేదు. మిషను ఇంకా దించేదేమో, కానీ పెట్టెలో ఉన్న మిషను ఏం దించుతుంది? వెల్లకిలా పడుకోకుండా, ఏడు కిలోలు తగ్గి, మిగతాది మేమే చూసుకుంటున్నాం. బీపీ మాత్రల్లో ఒకటి డాక్టరుగారు ఆపించారు.

ఇది రాస్తే అడుగుతారని తెలుసు కాబట్టి ఒక మాట. వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి పెట్టుకునేవి ఫోనులో ఆర్డరు చేస్తే వస్తున్నాయి. మా కుర్రాడొకడు తెప్పించుకున్నాడు, మోత తగ్గిందని సంబరపడ్డాడు. మోత తగ్గినా ఊపిరి ఆగుతూనే ఉండవచ్చు, అప్పుడు పక్కనున్నవారికి కూడా తెలియదు. పరీక్ష ముందు, పరికరం తర్వాత. పళ్ళ సెట్టు పెట్టుకున్న తాతగారు కూడా అడిగారు. ఈ రకం ఆయనకు నిలవదు, వేరే దారి డాక్టరే చూడాలి. ఇంకొకటి, పడుకునే ముందు తాగితే గొంతు మరింత వదులవుతుంది. ఇది ప్రసంగం కాదు, డాక్టరుగారు చెప్పిందే.

అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు.

మా చర్చిలో వెనక, కిటికీ పక్కన ఒక పెద్దాయన కూర్చుంటారు. కౌలు రైతు. పాట అయిపోగానే ఆయన తల గోడకు వాలుతుంది. అయ్యగారు పౌలు ప్రసంగం వింటూ కిటికీలోంచి నిద్రలో పడిపోయిన ఐతుకు గురించి చెప్పిన ప్రతిసారీ అటు చూసేవారు, అందరూ వెనక్కి తిరిగి నవ్వేవారు. ఒకసారి పేరు పెట్టి లేపి నిలబెట్టారు కూడా. ఆయన చేతులు కట్టుకొని కూటం అయ్యేదాకా నిలబడే ఉన్నారు.

పోయిన నెల ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. అయ్యగారు, "అన్నా, నేను తప్పు చేశాను" అన్నారు. ఆయనకు ఏ తప్పో గుర్తు రాలేదు, లేదా గుర్తు లేనట్టు ఉండిపోయారు. అమ్మగారు లోపల ఆయన భార్య పక్కన కూర్చొని మెల్లగా అడిగారు, "వదినా, రాత్రిళ్ళు అన్నకు ఊపిరి ఆగుతుందా?"

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. "మీకెవరు చెప్పారమ్మగారూ?" అంది. "నేను ముప్పై దాకా లెక్కపెడతాను."

వచ్చే మంగళవారం ఆయనకు పరీక్ష. బెల్టు ఎలా కట్టుకోవాలో చూపించడానికి సాయంత్రమే వాళ్ళింటికి వెళ్తున్నాం.